పెద్దవాళ్లతో తూర్పు ఆసియా యాత్ర: రైళ్లు, కార్డులు, భోజనం, అక్కడి మన దేవుళ్లు



ఈస్టర్ సెలవులకు జపాన్ వెళ్దామనుకుంటున్నాం, అత్తయ్యగారినీ మావయ్యగారినీ కూడా తీసుకెళ్లవచ్చా అని ఈమధ్య మన దేవాలయంలో చాలామంది అడుగుతున్నారు. ఆదివారం భోజనాల వరుసలో నిలబడి చెప్పే జవాబు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతోంది. అందుకే కమిటీవారు ఈ సంచికలో నాలుగు పేజీలు ఇచ్చారు. టోక్యో, క్యోటో, హాంకాంగ్, తైపీ, సియోల్ నగరాల్లో ఏం చూడాలో చెప్పే పుస్తకాలు లైబ్రరీ నిండా ఉన్నాయి. డెబ్బై ఏళ్ల అమ్మమ్మ మోకాళ్లు, ఉల్లి వెల్లుల్లి తినని తాతయ్య, రెండు రకాల పాస్‌పోర్టులున్న ఒకే కుటుంబం, వీటి సంగతి మాత్రం ఆ పుస్తకాల్లో దొరకదు. నేను రాసేది దాని గురించే.

మన భాషలో మొదటి యాత్రా గ్రంథంగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర కూడా ఇలాంటిదే. 1830లో మద్రాసు నుంచి బయలుదేరిన ఆయన గుళ్ల వైభవంతో పాటు ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ దిగడానికి చోటుంది అన్నవి కూడా ఓపికగా రాశారు. తరువాత వెళ్లేవాళ్లకు పనికొచ్చేవి అవే మరి.

ముందు ఒక లెక్క

పది రోజుల్లో అయిదు నగరాలు అనే పథకం కాగితం మీద బాగుంటుంది. పెద్దవాళ్లు ఉంటే అది పనికిరాదు. 2022 ఫిబ్రవరి తరువాత రష్యా గగనతలం మూతపడటంతో లండన్ నుంచి టోక్యోకు నేరుగా వెళ్లే విమానానికి ఇప్పుడు దాదాపు 14 గంటలు పడుతోంది. ఇంతకుముందు 12 గంటలలోపే చేరేవాళ్లం. దానిమీద ఎనిమిది, తొమ్మిది గంటల కాలమానం తేడా. మొదటి రెండు రోజులూ శరీరం చెప్పిన మాట వినదు. నా సలహా ఏమిటంటే రెండు వారాలకు రెండు స్థావరాలు, మహా అయితే మూడు. ఉదాహరణకు హాంకాంగ్‌లో మూడు రాత్రులు, క్యోటోలో అయిదు, టోక్యోలో నాలుగు. ఒక ఊళ్లో దిగి మరో ఊరి నుంచి తిరిగొచ్చేలా టికెట్ కొంటే వెనక్కి వెళ్లే ప్రయాణం మిగులుతుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నట్లయితే వాళ్లను లండన్‌కు రప్పించి మళ్లీ తూర్పుకు తీసుకెళ్లడం దండగ. ఢిల్లీ నుంచి టోక్యోకూ హాంకాంగ్‌కూ నేరుగా విమానాలున్నాయి, అక్కడే కలుసుకోవచ్చు.

కాలం విషయానికొస్తే, మన పిల్లల ఈస్టర్ సెలవులు చెర్రీ పూల కాలంతో కలుస్తాయి. అందంగా ఉంటుంది, జనమూ ఎక్కువే. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటివారం దాకా జపాన్‌లో గోల్డెన్ వీక్, ఆగస్టు నడుమ ఓబోన్ సెలవులు. ఆ రోజుల్లో రైళ్లలో చోటు దొరకదు. ఆగస్టు ఉక్క రాజమండ్రి మే నెలను గుర్తుచేస్తుంది, పైగా తుపాన్లు. నన్నడిగితే అక్టోబరు హాఫ్ టర్మ్ అన్నిటికన్నా మేలు.

పాస్‌పోర్టులు రెండు రకాలైతే

మన ఇళ్లలో ఇది మామూలే. పిల్లలవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, తల్లిదండ్రుల్లో ఒకరిది ఇండియన్. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద జపాన్‌కు, తైవాన్‌కు 90 రోజుల వరకు, హాంకాంగ్‌కు 180 రోజుల వరకు వీసా లేకుండా వెళ్లవచ్చు. ఇండియన్ పాస్‌పోర్టుకు జపాన్ వీసా తప్పదు. బ్రిటన్‌లో నివాస అనుమతి ఉన్నవాళ్లు ఇక్కడి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. హాంకాంగ్‌కు వీసా బదులు ఆన్‌లైన్‌లో ముందస్తు నమోదు చేసుకోవాలి. అది ఉచితం, 14 రోజుల వరకు ఉండనిస్తారు, ఆ కాగితం ముద్రించి వెంట ఉంచుకోవాలి. తైవాన్ వాళ్లు బ్రిటన్ నివాస అనుమతి ఉన్న భారతీయులకు ఆన్‌లైన్‌లోనే ఒక ప్రయాణ అనుమతి పత్రం ఇస్తారు. కొరియాకు వీసా తీసుకోవాలి. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆయా ప్రభుత్వాల సైట్లలో ఒకసారి చూడండి. విజిట్ వీసా మీద ఇక్కడికొచ్చిన అమ్మానాన్నల విషయం వేరు. సాధారణంగా వాళ్లు నివసించే దేశం నుంచే దరఖాస్తు చేయాలి, కాబట్టి ఇండియాలో ఉండగానే ఆ పని ముగించుకోవాలి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంటిపేరు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరూ అసలు పేరూ కలిసి ఒకే గడిలో ఉంటాయి. టికెట్‌లో ఒకలా, హాంకాంగ్ నమోదులో మరోలా రాస్తే కౌంటర్ దగ్గర ఆపేస్తారు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి కదా, వాటిలో పేరు ఎలా ఉంటే అన్నిచోట్లా అలాగే నింపండి.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించరు. బ్రిటన్ నివాస కార్డుల స్థానంలో ఇప్పుడు ఈవీసా వచ్చింది. పాస్‌పోర్టు కొత్తది తీసుకుని ఆ నంబరు మీ ఖాతాలో మార్చకపోతే, టోక్యో విమానాశ్రయంలో ఎయిర్‌లైన్ వాళ్లకు మీ అనుమతి కనిపించకపోవచ్చు. బయలుదేరే ముందు వారం ఆ ఖాతా తెరిచి చూసుకోండి, షేర్ కోడ్ ఒకటి తీసి దగ్గర పెట్టుకోండి.

ట్యాప్ చేస్తే లోపల ఏం జరుగుతుంది?

ఇది నా వృత్తికి దగ్గరి విషయం కనుక కాస్త సాగదీస్తాను, క్షమించాలి. కానీ ఇది అర్థమైతే అక్కడ సగం తికమక పోతుంది.

లండన్‌లో మనం బ్యాంకు కార్డు తాకిస్తే ఆ గేటుకు ఛార్జీ ఎంతో తెలియదు. ఫలానా కార్డు ఫలానా స్టేషన్‌లో తాకింది అని మాత్రమే రాసుకుంటుంది. రోజు ముగిశాక వెనకాల ఉన్న కంప్యూటర్లు ప్రయాణాలన్నీ కలిపి, రోజువారీ పరిమితి లెక్క చూసి బ్యాంకుకు బిల్లు పంపుతాయి. ఈ తాకిడికి సుమారు అర సెకను పడుతుంది. టోక్యో పద్ధతి వేరు. అక్కడి సుయికా కార్డులో డబ్బు చిప్‌లోనే ఉంటుంది. గేటే ఛార్జీ లెక్కగట్టి అక్కడికక్కడే తీసేసుకుంటుంది, అదీ సెకనులో అయిదో వంతులో. ఉదయం రద్దీలో షింజుకు స్టేషన్ గేట్ల దగ్గర జనం నడక వేగం తగ్గించకుండా దాటిపోవాలి కదా, అందుకే అంత వేగం కావలసి వచ్చింది. సోనీ సంస్థ తయారుచేసిన ఈ సాంకేతికతను పెద్ద ఎత్తున మొదట వాడింది జపాన్ కాదు, హాంకాంగ్. అక్కడి ఆక్టోపస్ కార్డు 1997 సెప్టెంబరులో వచ్చింది. సుయికా 2001లో, మన ఆయిస్టర్ 2003లో వచ్చాయి. ఇప్పుడు ఆక్టోపస్‌తో రైలెక్కుతారు, ఫెర్రీ ఎక్కుతారు, పాలప్యాకెట్టూ కొంటారు.

దీనివల్ల మనకు తేలే విషయాలు కొన్ని. మొదటిది, సుయికాకు లండన్‌లా రోజువారీ పరిమితి లేదు, ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లూ డబ్బు కట్టాలి. ఎక్కువ తిరిగే రోజుకు పర్యాటకుల కోసం 24, 48, 72 గంటల సబ్‌వే టికెట్లున్నాయి. అయితే టోక్యోలో రైళ్లు ఒక్క సంస్థవి కావు. టోక్యో మెట్రోకు తొమ్మిది లైన్లు, తోయే సంస్థకు నాలుగు, ఇవికాక జేఆర్, మరికొన్ని ప్రైవేటు రైళ్లు. ఆ సబ్‌వే టికెట్ మొదటి రెండింటికే చెల్లుతుంది. నగరం చుట్టూ 30 స్టేషన్లతో తిరిగే ఆకుపచ్చ యమనోతె లైను జేఆర్‌ది, అక్కడ పనిచేయదు. రెండోది, ఒక కార్డుతో ఇద్దరు వెళ్లలేరు, మనిషికొకటి ఉండాలి. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు సగం ఛార్జీ. దానికి పిల్లల కార్డు వేరుగా తీసుకోవాలి, పాస్‌పోర్టు చూపించాలి. ఆరేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్లతో ఉంటే ఉచితం. మూడోది, ఐఫోన్ ఉన్నవాళ్లు వాలెట్‌లోనే సుయికా చేర్చుకోవచ్చు. జపాన్ బయట అమ్మిన ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు, ఫోన్ ఎంత ఖరీదైనదైనా సరే. వాళ్లు విమానాశ్రయంలోనే 28 రోజులు పనిచేసే పర్యాటకుల కార్డు తీసుకుంటే సరి. అందులో మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వరు, చివరిరోజు దుకాణంలో ఖర్చు చేసేయండి. 2013 నుంచి జపాన్‌లోని పది ప్రధాన కార్డులు ఒకదాని ప్రాంతంలో మరొకటి చెల్లుతున్నాయి కాబట్టి క్యోటోకు వేరే కార్డు అక్కర్లేదు. తైపీకి ఈజీకార్డ్, సియోల్‌కు టీమనీ ఇలాంటివే.

షింకాన్సెన్ మాత్రం వేరే లెక్క. జేఆర్ పాస్ కొనమని పాత పుస్తకాలన్నీ చెబుతాయి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు ఒకవైపు టికెట్ సుమారు 14 వేల యెన్లు. రెండువైపులా కలిపినా పాస్ ధరకు చాలా దూరం. కాబట్టి ఈ రెండు నగరాలే చూసేవాళ్లకు పాస్ దండగ, విడి టికెట్లు కొనండి. 1964 అక్టోబరు 1న మొదలైన లైను ఇది, నొజొమి రైలులో రెండుంబావు గంటలు. సీట్లు ఒకవైపు మూడు, మరోవైపు రెండు. ఆ రెండు సీట్ల వైపు కిటికీ, అంటే ఈ అక్షరం సీటు, దొరికితే ఆకాశం నిర్మలంగా ఉన్నరోజు ఫుజి పర్వతం కనిపిస్తుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే అక్షరం. తాతయ్యకు ఆ సీటు ఇచ్చేయండి.

మోకాళ్లు, పెట్టెలు, దారులు

లండన్ అండర్‌గ్రౌండ్ 272 స్టేషన్లలో మెట్లు లేకుండా వెళ్లగలిగేవి సుమారు మూడోవంతే. అందుకే పెద్దవాళ్లను మెట్రోలో తిప్పడం అంటే మనకు భయం. టోక్యో, హాంకాంగ్, తైపీ, సియోల్‌లలో ఆ భయం చాలావరకు అక్కర్లేదు. దాదాపు ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్టు ఉన్న దారి ఒకటైనా ఉంటుంది. అసలు సమస్య, ఆ దారి ఎక్కడుందో కనుక్కోవడం. షింజుకు స్టేషన్‌కు రెండు వందలకు పైగా ద్వారాలున్నాయి. తప్పు ద్వారంలో బయటికొస్తే రోడ్డు దాటడానికి మళ్లీ కిందికి దిగి పావుగంట నడవాలి. ఫోన్ మ్యాప్‌లో స్టేషన్ పేరుతో సరిపెట్టుకోకుండా ద్వారం నంబరు కూడా చూడండి, ఆ స్టేషన్ పటంలో లిఫ్టు గుర్తు ఏ ద్వారం దగ్గరుందో ముందురోజు రాత్రే చూసి పెట్టుకోండి. హోటల్ ఎంచుకునేటప్పుడు కూడా స్టేషన్‌కు ఎంత దగ్గర అని అడిగితే చాలదు, లిఫ్టున్న ద్వారానికి ఎంత దగ్గర అని చూడాలి. నా ఉద్దేశంలో పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు గది పరిమాణం కన్నా ఇది ముఖ్యం.

నలుగురున్నప్పుడు క్యోటోలో టాక్సీకి వెనకాడకండి. నగర బస్సులు కిక్కిరిసి ఉంటాయి. నలుగురి బస్సు ఛార్జీలూ కలిపి చూస్తే దగ్గరి దూరాలకు టాక్సీ తేడా పెద్దగా ఉండదు. అక్కడ టాక్సీ వెనక తలుపు డ్రైవరే లోపలి నుంచి తెరుస్తాడు, మూస్తాడు. మనం లాగకూడదు.

పెట్టెల సంగతి. జపాన్‌లో హోటల్ నుంచి హోటల్‌కు పెట్టె పంపే సేవ ఉంది, తక్యూబిన్ అంటారు, నల్లపిల్లి బొమ్మ ఉన్న యమాతో సంస్థది బాగా ప్రసిద్ధి. హోటల్ కౌంటర్‌లో ఇస్తే సాధారణంగా మర్నాటికి చేరుతుంది. క్యోటో నుంచి టోక్యోకు పెద్ద పెట్టెలు అలా పంపేసి, ఒకరోజు బట్టలతో రైలెక్కితే ప్రాణం హాయిగా ఉంటుంది. మోసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు టోక్యో–క్యోటో షింకాన్సెన్‌లో ప్రత్యేకమైన సీటు ముందే బుక్ చేయాలి. ఇండియా వెళ్లేటప్పుడు మనం వాడే పెద్ద పెట్టెలు చాలావరకు ఈ కొలత దాటుతాయి.

రోడ్డు దాటేటప్పుడు పిల్లల చెయ్యి పట్టుకోండి. జపాన్, హాంకాంగ్‌లలో మనలాగే ఎడమవైపు వాహనాలు. తైవాన్, కొరియాలలో కుడివైపు. సియోల్ వెళ్లేవాళ్లు నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ ముందే ఫోన్లో వేసుకోండి. దేశ భద్రత కారణంతో కొరియా ప్రభుత్వం వివరమైన పటాల సమాచారాన్ని విదేశాలకు పంపనివ్వకపోవడంతో, అక్కడ గూగుల్ మ్యాప్స్ నడక దారులు చూపలేకపోతూ వచ్చింది. మ్యాప్ అంటే ఒక కంపెనీదే అనుకునే మా తరానికి ఇదొక పాఠం.

తిండి

అసలు ప్రశ్న ఇదే, నాకు తెలుసు.

జపాన్‌లో శాకాహారం కష్టం కావడానికి కారణం మాంసం కాదు, దాషి. ఎండబెట్టిన బొనీటో చేపను సన్నగా చెక్కి మరిగించి తీసే రసం అది. మిసో సూప్‌లో, నూడుల్స్ పులుసులో, ఉడికించిన కూరగాయల్లో కూడా ఉంటుంది. ముక్క కనిపించదు కాబట్టి వడ్డించేవారికి అది చేప అనే తోచదు. వెజిటేరియన్ అంటే తలూపి అదే తెచ్చిపెట్టడంలో మోసమేమీ లేదు. వేయించిన టోఫు సంచిలో అన్నం కూరిన ఇనారి సుషీని కూడా చాలాచోట్ల ఆ టోఫును దాషిలోనే ఉడికించి చేస్తారు. అందుచేత పదార్థాల పేర్లతోనే చెప్పాలి. నికు అంటే మాంసం, సకన అంటే చేప, నుకి అంటే లేకుండా. “నికు, సకన, కత్సువో దాషి నుకి దె ఒనెగాయ్ షిమస్” అనవచ్చు. అంతకన్నా జపనీస్‌లో రాసిన చీటీ ఒకటి ఫోన్లో పెట్టుకుని చూపించడం మేలు. సముద్రపు నాచుతో చేసే కొంబు దాషి మనకు అభ్యంతరం లేనిది.

బౌద్ధాలయాల సంప్రదాయ భోజనం షోజిన్ ర్యోరి. మాంసం, చేపలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. క్యోటోలో కొన్ని ఆలయాల దగ్గర పెడతారు. ఖరీదు ఎక్కువే, చాలాచోట్ల ముందుగా చెప్పాలి. ఒక్కపూట తినాల్సిందే అంటాను నేను. రోజూ అయితే కుదరదు. రోజువారీకి, ప్రతి వీధి మలుపులో ఉండే కన్వీనియన్స్ స్టోర్లలో మైక్రోవేవ్‌లో వేడిచేసే తెల్ల అన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, పెరుగు దొరుకుతుంది. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి తీసుకెళితే రాత్రి భోజనం గండం గడిచినట్టే. పచ్చి కూరగాయలు, పండ్లు, కరివేపాకు పెట్టుకోవద్దు, మొక్కలకు సంబంధించిన తనిఖీ గట్టిగా ఉంటుంది. ఇక్కడి ఎలక్ట్రిక్ కుక్కర్ కూడా వద్దు. జపాన్ కరెంటు 100 వోల్టులు. 230 వోల్టుల కుక్కర్‌ను అక్కడ పెడితే వచ్చే వేడి అయిదో వంతు కూడా ఉండదు, అన్నం బదులు నానిన బియ్యం తినాలి. ప్లగ్గులు కూడా వేరు. హాంకాంగ్‌లో మాత్రం మన బ్రిటన్ మూడు పిన్నుల ప్లగ్గే.

తైవాన్ సంగతి చెబితే మన పెద్దవాళ్లు మొహం వెలిగిపోతుంది. బౌద్ధుల వల్ల అక్కడ శాకాహారం బాగా వేళ్లూనింది. ప్యాకెట్ మీద ఏ రకం శాకాహారమో ముద్రించాలని నియమం ఉంది, అందులో అయిదు రకాలు. గుడ్డు, పాలు, ఉల్లి వెల్లుల్లి ఏవీ లేనిది ఒకటి. గుడ్డు ఉన్నది, పాలున్నది, రెండూ ఉన్నది మూడు రకాలు. ఉల్లి వెల్లుల్లి కలిసినది అయిదోది. పాలు మాత్రమే ఉండి ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు లేని రకం పేరు “నై సు”. మన దేవాలయ వంటశాల పద్ధతి సరిగ్గా అదే! “సు” అన్న అక్షరం బోర్డు మీద ఉంటే అది శాకాహార హోటల్. పక్కన స్వస్తిక గుర్తు కూడా తరచు ఉంటుంది. నచ్చినవి పళ్లెంలో పెట్టుకుంటే తూచి డబ్బు తీసుకునే హోటళ్లు పెద్దవాళ్లకు బాగా నప్పుతాయి, ఏముందో కళ్లతో చూసి తీసుకోవచ్చు. ఒక వింత ఏమిటంటే, చైనా బౌద్ధ సంప్రదాయం నిషేధించిన అయిదు ఘాటు పదార్థాల పాత జాబితాలో ఇంగువ కూడా ఉంది. హింగు అన్న మన పదమే అక్కడ షింగ్‌చు అయింది. ఉల్లి బదులు మనం వేసుకునేదాన్నే వాళ్లు ఉల్లితో పాటు వద్దన్నారు.

హాంకాంగ్‌లో ఉడికించిన ఆకుకూర అడిగినా పైన ఆయిస్టర్ సాస్ పోసి ఇస్తారు, వద్దని ముందే చెప్పాలి. డైమండ్ హిల్‌లో చీ లిన్ సన్యాసినుల మఠం పక్కన ఉన్న నాన్ లియాన్ తోటలో జలపాతం వెనక శాకాహార భోజనశాల ఉంది. మఠం, తోట, భోజనం మూడూ ఒకేచోట, మెట్రో స్టేషన్‌కు దగ్గర. కొరియా కిమ్‌చీలో సాధారణంగా చేప లేదా రొయ్యల సాస్ ఉంటుంది, జాగ్రత్త.

అక్కడి మన దేవుళ్లు

జపాన్ పటాల్లో బౌద్ధాలయానికి గుర్తు స్వస్తిక. ఐరోపాలో ఆ గుర్తును గడప మీద వేయడానికి కూడా సంకోచించే మనకు, ఊరి పటం నిండా అది కనిపిస్తే కలిగే నిశ్చింత వేరు.

క్యోటో స్టేషన్ నుంచి పావుగంట నడకలో తోజి ఆలయం. 796లో మొదలైంది, దాని అయిదంతస్తుల గోపురం 55 మీటర్లు. అందరూ గోపురం ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. మీరు ఉపన్యాస మందిరంలోకి వెళ్లండి. తొమ్మిదో శతాబ్దంలో ప్రతిష్ఠించిన మండలంలో 21 విగ్రహాలున్నాయి. ఒక పక్క నాలుగు తలలతో, హంసల మీద కూర్చున్న మూర్తి బొంతెన్, అంటే బ్రహ్మ. మరో పక్క ఏనుగు మీద తైషకుతెన్, అంటే ఇంద్రుడు. పేరు చదవకుండానే అమ్మమ్మ గుర్తుపడుతుంది.

అక్కడి నుంచి టాక్సీలో కొద్ది దూరం సంజూసంగెన్‌దో. 1164లో కట్టారు, కాలిపోతే 1266లో మళ్లీ కట్టారు. దాదాపు 120 మీటర్ల పొడవైన చెక్క మందిరంలో 1001 అవలోకితేశ్వర విగ్రహాలు వరుసల్లో ఉంటాయి, ముందు 28 మంది రక్షక దేవతలు. నరాయెన్ అంటే నారాయణుడు, కరుర అంటే గరుత్మంతుడు, వేణువు ఊదుతూ ఉంటాడు. బిషమొన్ అంటే వైశ్రవణుడు, మన కుబేరుడు. చెప్పులు విప్పాలి, ఫొటోలు తీయనివ్వరు. నేలంతా సమతలంగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు నెమ్మదిగా ఒక్కొక్కరినీ చూస్తూ నడవవచ్చు. జనం తక్కువుండాలంటే ఉదయం తెరిచేవేళకు వెళ్లండి.

స్టేషన్‌కు ఉత్తరాన కొద్ది నిమిషాల నడకలో హిగషి హొంగాంజి ఉంది, ప్రవేశం ఉచితం. జోదో షిన్‌షూ అనే ఆ బౌద్ధ శాఖకు ఏడుగురు పూర్వాచార్యులు. మొదటివాడు ర్యూజు. ఆయనెవరో కాదు, మన ఆచార్య నాగార్జునుడు. నాగార్జునకొండకు ఏ పేరు వచ్చిందో ఆ పేరునే ఇక్కడ జపనీస్‌లో పలుకుతున్నారు. సాగర్ డ్యాము చూడటానికి వెళ్లి మ్యూజియం చూడకుండా తిరిగొచ్చే తెలుగువాళ్లం మనం.

క్యోటో నుంచి కిన్‌తెత్సు రైలులో ముప్పావు గంటలోపు నారా. తోదాయిజి మహాబుద్ధుడు సుమారు 15 మీటర్లు. 752లో ఆ విగ్రహానికి కన్ను తెరిచే వేడుక, అంటే మన నేత్రోన్మీలనమే, జరిపించింది 736లో జపాన్ చేరిన భారతీయ భిక్షువు బోధిసేనుడు. ఆయన పట్టిన కుంచెకు కట్టిన దారాలను చేరినవారు పట్టుకున్నారట. ఆ కుంచె, దారం అక్కడి షోసోయిన్ భాండాగారంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. ప్రాణప్రతిష్ఠ చూసిన మనవాళ్లకు ఈ కథ వివరించనక్కర్లేదు. పార్కులో జింకలు బిస్కట్ల కోసం మీదికొస్తాయి, పెద్దవాళ్ల చేతుల్లో కాగితాలు లేకుండా చూసుకోండి.

టోక్యోలో ఉయెనో స్టేషన్ దిగి పార్కులోకి నడిస్తే షినొబజు చెరువు మధ్య బెన్‌తెన్ గుడి. బెంజైతెన్ అంటే సరస్వతి, చేతిలో వీణ బదులు బివా. అసకుసలో సెన్సోజి చూశాక పది నిమిషాలు నడిస్తే మత్సుచియామ షోదెన్. అక్కడి దేవుడు కాంగితెన్, మన వినాయకుడు. మూలమూర్తిని ఎవరికీ చూపరు. ఉండ్రాళ్లకు బదులు తెల్ల ముల్లంగి నైవేద్యం, గుడి దగ్గరే కొనుక్కోవచ్చు. గుడి చిన్న గుట్ట మీద ఉంది, మెట్లెక్కలేనివాళ్ల కోసం పట్టాల మీద నడిచే చిన్న పెట్టె ఒకటి పెట్టారు. సెన్సోజి రద్దీలో నలిగాక ఇక్కడి నిశ్శబ్దం పెద్దవాళ్లకు బాగా నచ్చుతుంది.

హాంకాంగ్‌లో హ్యాపీ వ్యాలీలో 1953 నాటి హిందూ దేవాలయం ఉంది. లాంటావ్ దీవిలో 34 మీటర్ల కంచు బుద్ధుడి దగ్గరికి 5.7 కిలోమీటర్ల కేబుల్ కారు తీసుకెళుతుంది, కానీ పాదాల దాకా 268 మెట్లున్నాయి. ఎక్కలేనివాళ్లు కిందనున్న పో లిన్ మఠంలో శాకాహార భోజనం చేస్తూ కూర్చోవచ్చు. రేవు దాటించే స్టార్ ఫెర్రీ మాత్రం ఎవరూ వదులుకోవద్దు. 1888లో దాని పూర్వ సంస్థను మొదలుపెట్టినవాడు డోరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా అనే పార్సీ. ఛార్జీ లండన్ బస్సు టికెట్ కన్నా చాలా తక్కువ, సాయంత్రం దీపాలు వెలిగే వేళ ఎక్కండి.

చివరిగా మందులు. మన ఇళ్లలో ఉండే జలుబు మాత్రల్లో కొన్నిటిలో సూడోఎఫిడ్రిన్ ఉంటుంది, సుడాఫెడ్ అలాంటిదే, జపాన్‌లోకి తేకూడదు. కోడీన్ ఉన్న నొప్పి మాత్రల మీదా ఆంక్షలున్నాయి. బీపీ, షుగరు మందులు నెలకు మించి తీసుకెళ్లాలంటే ముందుగా అనుమతి పత్రం కావాలి. జీపీ దగ్గర ప్రిస్క్రిప్షన్ నకలు తీసుకుని, మందులు అసలు పెట్టెల్లోనే చేతి సంచిలో పెట్టండి. ఇండియా నుంచి తెచ్చిన మాత్రలైతే మందు అసలు పేరు ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీ ఉండాలి.

జపనీస్, చైనీస్ భాషల్లో రాసిన భోజనపు చీటీ నమూనాలు ఆదివారాల్లో మన పుస్తకాల బల్ల దగ్గర ఉంచుతున్నాం, కావలసినవాళ్లు తీసుకోండి. ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు వద్దనేవాళ్లకు విడిగా ఒకటి ఉంది.